వాలిన గీత

శిష్యుడు దస్తగిరి చేసిన గీత ముందు గురువు హుసేనప్ప సాయంత్రమంతా కూర్చున్నాడు. చేతిలో టీ చల్లారిపోయింది. ఇంకో శిష్యుడు సుంకన్న చేసిన గీతను చూసినప్పుడు మాత్రం "బాగుంది" అని లేచి వెళ్లాడు. సుంకన్న ఆ మాట మరిచిపోలేదు. అన్నం దగ్గర కూడా దాన్నే నమిలాడు.

బేతంచెర్ల దగ్గర ఒక పాత నాపరాళ్ల షెడ్డులో హుసేనప్ప కళ నేర్పేవాడు. మనుషులూ చెట్లూ గీయించేవాడు కాదు. ఇటుక, సిమెంటు, ఇనుప తీగ. వీటితో తెల్లటి గోడ మీద ఒకే ఒక్క గీత. దాని వెనక దాక్కోవడానికి ఇంకేమీ ఉండదు కనుక, చేసినవాడి మనసు అందులో తెలిసిపోతుందని ఆయన నమ్మకం.

ఊళ్లో కొత్త గ్రంథాలయం గోడకు ఒక గీత కావాలని అడిగారు. గురువు ఆ పని సుంకన్నకు అప్పగించాడు.

"అడ్డంగా ఒక తీగ. అంతే. అవతలి కొస దస్తగిరి పట్టుకుంటాడు."

ఆ పేరు వినగానే సుంకన్నకు దక్కిన పని సగమైపోయినట్టు అనిపించింది.

అడ్డగీతకు లెవెల్ పైపు కావాలి. లోపల కనబడే సన్నటి పైపులో నీళ్లు నింపి, ఇద్దరు చెరో కొస గోడకు ఆనిస్తారు. రెండు వైపులా నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్కడ గుర్తు పెట్టి మేకు కొడతారు.

దస్తగిరి చెంబుతో నీళ్లు తెచ్చాడు. "నేను పోస్తానన్నా, నువ్వు పైపు ఎత్తి పట్టుకో."

"కొస పట్టమన్నారు, కొస పట్టు. నా పనిలో చెయ్యి పెట్టకు."

సుంకన్న ఒక్కడే గబగబా నింపాడు. మేకులు కొట్టి తీగ బిగించారు. దూరంగా వెళ్లి చూస్తే గీత దస్తగిరి వైపు వాలిపోయి ఉంది.

గురువు రాగానే సుంకన్న అందుకున్నాడు. "ఆ కొస పట్టింది వీడే గురువుగారూ. కావాలనే గుర్తు కిందికి పెట్టాడు. నా గీత నిలబడితే వీడికి నిద్ర పట్టదు."

"నీళ్లు నా మాట వింటాయా అన్నా?" అన్నాడు దస్తగిరి.

ఓర్వలేనివాడు తన రోగాన్ని పక్కవాడికి అంటగడతాడు.

గురువు పైపు రెండు కొసలూ పక్కపక్కన చేర్చి ఒక్క చేత్తో పట్టుకున్నాడు. అయినా నీళ్లు సమంగా నిలవలేదు. ఒకవైపు రెండు వేళ్లంత కిందికి ఉన్నాయి.

"ఇప్పుడు ఎవరు పట్టారు?"

సుంకన్న రెండు కొసలనూ మార్చి మార్చి చూశాడు.

"నడుమ చూడు."

సుంకన్న నేల మీద కూర్చుని పైపు పొడవునా తడుముతూ పోయాడు. మధ్యలో ఒకచోట గాలిబుడగ ఇరుక్కుని నీళ్లను అడ్డుకుంటోంది.

"నీళ్లు ఎవరు పోశారు?"

"నేనే." బుడగ మీద వేలు పెట్టి మళ్లీ అన్నాడు, "ఒక్కణ్నే."

గురువు పైపు కింద పెట్టి గుమ్మం దాకా నడిచాడు. అక్కడ ఆగి, "తీగ మాత్రం బాగా బిగించావు" అని వెళ్లిపోయాడు.

సుంకన్న లేచాడు. తీగ విప్పి మేకులు పీకాడు. పైపులో నీళ్లన్నీ పారబోశాడు. చెంబు దస్తగిరి చేతికి ఇచ్చి, పైపు ఎత్తి పట్టుకున్నాడు.

"నీళ్లు నువ్వు పొయ్యి దస్తగిరీ. నిదానంగా."