ఏటవాలుగా పరిచిన చాప

మర్వ్ నగరంలో మా ఉస్తాద్ నస్రుల్లా గారికి ఒక అలవాటు ఉండేది. పాఠం ముగించి, ఇవాళ నేనెక్కడ తప్పానని అడిగేవారు. అది పెద్దల మర్యాద కాబోలనుకుని మేమంతా తలలు వంచుకునేవాళ్లం. గ్రీకుల గ్రంథాలనే దిద్దే మొనగాళ్లం, ఎదుట కూర్చున్న గురువు దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు. ఆ మధ్యాహ్నాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మళ్లీ ఒక్కటి వస్తే బాగుండుననీ అనిపిస్తుంది.

ఒకనాడు జునైద్ లేచాడు. మాలో లెక్కల్లో అందరికన్నా గట్టివాడు. లేచినవాడు తప్పు చూపలేదు, సందేహం అడిగాడు. గురువు లెక్క తప్పని తేలితే శిష్యుడు సత్యం వైపు నిలబడాలా, గురువు వైపు నిలబడాలా అన్నాడు. కుడిచేయి ఎడమ చొక్కాచేతిని గట్టిగా పట్టుకునే ఉంది. మూడేళ్లుగా ఇంట పెట్టుకుని అన్నం పెట్టిన మనిషిని ఆ మాట అడగడం తేలికా మరి.

ఉస్తాద్ వాదనకు దిగలేదు. తాను శిష్యుడిగా ఉన్నప్పటి సంగతి చెప్పారు. బట్టలకు రంగులద్దే రంగరేజుల పేటలో మసీదు కట్టినప్పుడు, మక్కా ఏ దిక్కున ఉందో లెక్కగట్టి గోడకు గీత గీసింది ఆయన గురువు శేఖ్ ముతహ్హర్. ఇరవై ఏళ్లు పేటంతా ఆ గోడకేసి తిరిగి నమాజు చేసింది. ఆ తర్వాత, మక్కాలోనూ మర్వ్‌లోనూ చంద్రగ్రహణాలు కనబడిన వేళలు పోల్చి మా ఉస్తాద్ మళ్లీ లెక్క వేస్తే గోడ పక్కకు తిరిగి ఉందని తేలింది. చెబితే గురువు పరువు పోతుంది, చెప్పకపోతే జనం దిక్కు తప్పే నిలబడతారు. నెల రోజులు మథనపడి, చివరికి ఆ కాగితం శేఖ్ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేశారట.

తరువాతి శుక్రవారం శేఖ్ ఎప్పటిలాగే ముందు వరుసకు వచ్చి, అందరూ చూస్తుండగా తన చాపను గోడకు ఏటవాలుగా పరిచారు. జనం గుసగుసలాడారు.

"గోడ నేను నిలబెట్టాను. దిక్కు నేను పెట్టింది కాదు," అన్నారాయన.

నమాజు అయ్యాక వెనక్కి తిరిగి శిష్యుడి చాప చూశారు. అది గోడకు తిన్నగానే ఉంది. గురువును చిన్నబుచ్చడం ఇష్టంలేక మా ఉస్తాద్ పాత దిక్కుకే పరుచుకున్నారు. అంత జనంలో చెక్కుచెదరని ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగింది అప్పుడేనట.

చెప్పడం ఆపి ఉస్తాద్ జునైద్ వైపు చెయ్యి చాచారు.

"చొక్కాచేతిలో దాచిన ఆ కాగితం ఇలా ఇవ్వు నాయనా. నీ చాప ఎటు పరిచావో చూడనీ."