మసేనమ్మ కుంకుడు నురగ

అనగనగా ఒక సముద్రపు ఒడ్డు. ఆ ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీ. ఏనాటిదో అడక్కండి, చూసినవాళ్ళూ పోయారు, చెప్పినవాళ్ళూ పోయారు.

అందులో మిషను నడిపేవాడు ఎల్లాజీ. నేల కడిగేది మసేనమ్మ, అక్కడందరికీ అప్ప, అంటే అక్క. నీటిని గడ్డ కట్టించే ఘాటు గ్యాసు గొట్టాల్లో తిరిగేది. గొట్టంలో ఉన్నంతసేపూ అది చాకిరీ చేస్తుంది, బయటికొస్తే ప్రాణం తీస్తుంది. అందరికీ తెలుసు. అయినా రోజూ పీల్చి పీల్చి ముక్కులు మొద్దుబారాయి. వాసన రాని ఐసు ఫ్యాక్టరీ ఉంటుందా అనుకునేవారు.

మసేనమ్మ మాత్రం తలంటుకోగా మిగిలిన కుంకుడు రసం సీసాలో తెచ్చి, గొట్టాల అతుకులకి పూసేది. గ్యాసు కారేచోట నురగ పొంగేది.

మొదటిసారి చెప్పింది. "ఎల్లాజీ, మూల అతుకు కాడ నురగ పొంగతంది. మిషనాపి సూడరా."

"అలాగే అప్పా," అని ఎల్లాజీ గోనెగుడ్డ చుట్టాడు. తగ్గిన గ్యాసు మళ్ళీ నింపాడు.

రెండోసారి చెప్పింది. "నురగ పొంగతంది. మిషనాపి సూడరా."

"పడవలొచ్చే ఏళప్పా! ఐసు లేకపోతే సేప కుళ్ళిపోదా?" ఇంకో గుడ్డ చుట్టాడు. ఇంకోసారి నింపాడు.

మూడోసారి చెప్పింది. "లోపల ముప్పైమంది ఆడోళ్ళు సేపలు సర్దతన్నారు. మిషనాపి సూడరా."

ఎల్లాజీకి విసుగొచ్చింది. "నువ్వు నేల కడుక్కో అప్పా. మిషను సంగతి నీకేటి తెలుసు?"

ఆమె చీపురందుకుంది. అందరి ముందూ అలా అన్నందుకు ఎల్లాజీకి సిగ్గేసింది. సిగ్గేసినా మిషను ఆపలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అతుకు ఊడింది. తెల్లటి పొగ కమ్మేసింది. అందరికంటే ముందు బయటపడింది ఎల్లాజీయే. మసేనమ్మ తడికొంగు మూతికి చుట్టుకుని, పొగలోకి పోయి వాల్వు కట్టేసింది. ముప్పైమందీ దగ్గుకుంటూ, కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చారు. ఆమె రాలేదు. వాల్వు మీంచి ఆమె వేళ్ళు విడదీసింది కూడా ఎల్లాజీయే.

ఆ పాపం అతన్ని వదల్లేదు. బతికినన్నాళ్ళూ కుంకుడు రసం పూయందే మిషను వెయ్యలేదు. నురగ పొంగితే, ఒడ్డునిండా పడవలున్నా ఆపేసేవాడు. షావుకారు తిట్టినా తలొంచుకుని పడేవాడు.

ఇప్పటికీ ఆ ఒడ్డున కారే అతుకు బాగుచెయ్యకుండా ఎవరూ గ్యాసు నింపరు. పొద్దున్నే ప్రతి అతుక్కీ కుంకుడు రసం పూస్తారు. పూసి, మిషను ముట్టుకోకుండా కాసేపు నిలబడతారు.

"సెప్పప్పా," అంటారు, "ఇంటన్నాను."