పెద్ద బిళ్ళ వాల్‌బుర్గమ్మ

కథ చిన్నదే. పక్క సర్దేలోపు అయిపోతుంది. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

అనగనగా జర్మనీ దేశంలో ఒక చిన్న ఊరు. పేరు హాజెల్‌బాక్. మొత్తం పదకొండు గడపలు. ఆ ఊరికి చరిత్ర కూడా ఉంది. ఒకసారి ఊరు తగలబడింది. ఆ తర్వాత సైనికులు వచ్చి పందుల్ని తోలుకుపోయారు. ఆ తర్వాత రైలు వస్తుందన్నారు, రాలేదు. అంతే చరిత్ర. ఆ కాస్తా పాదిరిగారు చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద సూపు ఇగిరిపోయేది. ఆయన ముక్కు చివర ఎప్పుడూ ఒక బొట్టు వేలాడుతూ ఉండేదట. అది పడుతుందా లేదా అని చూస్తూ జనం ప్రార్థన మర్చిపోయేవాళ్ళు. సరే, ఆయన ముక్కు మనకెందుకు. ఎక్కడున్నాం? తగలబడటం దగ్గర.

ఎవరింట్లోనో రొట్టెల పొయ్యిలోంచి నిప్పురవ్వ లేచి, గడ్డి కప్పుల మీద పడి, ఊరు కాలింది. ఎవరింట్లో అని అడిగితే అందరూ పక్కింటివైపే చూపించేవాళ్ళు. అప్పుడు ఇక ఇళ్ళలో రొట్టెలు కాల్చకూడదని, వాగు పక్కన రాతితో ఊరందరికీ ఒకే బట్టీ కట్టారు. శనివారం వస్తే పదకొండు ఇళ్ళవాళ్ళూ వారానికి సరిపడా రొట్టెలు అందులోనే కాల్చుకోవాలి.

తంటా అక్కడే వచ్చింది. వారమంతా చల్లబడిన రాయి వేడెక్కాలంటే మూడు మోపుల కట్టెలు కావాలి. అవి మొదటి వంతువాళ్ళే తెచ్చుకోవాలి. వేడెక్కాక మిగతావాళ్ళకి తలా గుప్పెడు పుల్లలు చాలు. కాబట్టి మొదటి వంతు ఎవరికీ వద్దు. అందుకని ఇంటికొక చెక్కబిళ్ళ చేయించి, అన్నీ సంచిలో వేసి, శుక్రవారం సాయంత్రం ఒక్కొక్కటీ తీసేవాళ్ళు. ఏది ముందొస్తే ఆ ఇల్లు ముందు. తీసిన బిళ్ళ ఆ ఇంటివాళ్ళే పట్టుకెళ్ళి, మళ్ళీ శుక్రవారం సంచిలో వేసేవాళ్ళు.

ఆ బిళ్ళలు చెక్కింది గొట్లీబ్ అనే వడ్రంగి. చేతిలో పనితనం ఉంది, తలలో పొగరూ ఉంది. ఊరివాళ్ళ బిళ్ళలు రూపాయంత చేశాడు. తన బిళ్ళ మాత్రం ఓక్ చెక్కతో అరచెయ్యంత చేసి, దాని మీద ఉలి బొమ్మ చెక్కాడు. బట్టీ పెత్తనం చూసే కాస్పర్ సంచిలో చెయ్యి పెడితే ఇంకేం తగులుతుంది? ప్రతివారమూ గొట్లీబే మొదలు. ఆయనకదే గొప్ప. ఇంట్లో చెక్కపేళ్ళకి కొదవా?

ఆ తర్వాత గొట్లీబ్ పోయాడు. భార్య వాల్‌బుర్గ మిగిలింది. చెక్కపేళ్ళు మిగల్లేదు. అడవి వాటా కింద ఏడాదికి ఒక్క బండి కట్టెలు వస్తాయి. అక్కడి చలి మన చలి కాదు, కుండలో నీళ్ళు రాయైపోతాయి. బట్టీకి పోగా మిగిలిన కట్టెలతోనే ఆవిడ చలికాలం గట్టెక్కాలి.

మొదటి శుక్రవారం పెద్ద బిళ్ళే వచ్చింది. మూడు మోపులు పోయాయి. రెండో శుక్రవారమూ అదే. ఇంకో మూడు పోయాయి. పక్కింటి ఒట్టీలియా తన గుప్పెడు పుల్లలు పట్టుకుని వచ్చి, "నీ చేత్తో అంటిస్తే బట్టీ ఎంత బాగా రాజుకుంటుందో వదినా!" అంది. ఒట్టీలియా మెచ్చుకోలు అలాగే ఉంటుంది.

అప్పుడు వాల్‌బుర్గమ్మ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసింది. సంగతి తెలిసింది. ఊళ్ళో అందరికీ ముందే తెలుసు. వెచ్చటి బట్టీ ఎవరికి చేదు?

ఆవిడ కాస్పర్ ఇంటికి వెళ్ళింది. "కాస్పరయ్యా, దీన్ని కాస్త అరగదీయించు. ఇలా అయితే క్రిస్మస్ నాటికి నా ఇంట్లో పుల్ల ఉండదు."

కాస్పర్ బట్టీ పుస్తకం తీశాడు. అందులో ఉన్నవి మూడే వాక్యాలు. ఆయన మాత్రం ముప్పై ఉన్నట్టు చదివేవాడు. "ఒకటి. వంతు బిళ్ళతోనే తేలాలి. రెండు. బిళ్ళ చెయ్యాలన్నా మార్చాలన్నా, ముందు చెక్కినవాడే చెయ్యాలి. మూడు. ఊళ్ళో ఏ ఇంటివాళ్ళనీ బట్టీ దగ్గర్నుంచి పచ్చిపిండితో వెనక్కి పంపకూడదు." పుస్తకం మూసి, "విన్నావుగా వాల్‌బుర్గమ్మా. గొట్లీబ్‌నే చెక్కమను" అన్నాడు.

గొట్లీబ్ చర్చి వెనక పడుకుని ఉన్నాడు. ఆవిడ ఆ మూడు వాక్యాలూ నెమరేసుకుంటూ ఇంటికి వెళ్ళింది.

మూడో శుక్రవారమూ పెద్ద బిళ్ళే వచ్చింది. శనివారం తెల్లవారగానే ఆవిడ బట్టీ అంటించింది. రెండు మోపులే తెచ్చింది, రాయి ఇంకా వేడెక్కలేదు. కొంగు లాంటి పైగుడ్డలోంచి బిళ్ళ తీసింది. ఉలి బొమ్మ మీద బొటనవేలు ఒకసారి రాసింది. "పొగరు కాస్త తగ్గించుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదయ్యా" అని, దాన్ని బట్టీలో వేసింది.

తర్వాతి శుక్రవారం కాస్పర్ సంచి అంతా తడిమాడు. పది బిళ్ళలే ఉన్నాయి.

"నీ బిళ్ళ ఏదమ్మా?"

"కాల్చేశాను. మంచి చెక్క. బాగా మండింది."

"అయ్యో, బిళ్ళ లేకపోతే వంతు లేనట్టే కదా వదినా!" అని ఒట్టీలియా బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"కొత్తది చేయించండి మరి" అంది వాల్‌బుర్గమ్మ.

కాస్పర్ పుస్తకం తీశాడు. చెక్కినవాడే చెయ్యాలన్న రెండో వాక్యం దగ్గర ఆగాడు. ఆ తర్వాత మూడోది చదివాడు. మళ్ళీ మొదటికొచ్చాడు. ఈసారి గట్టిగా చదవలేదు.

ఆ వారం మొదటి బిళ్ళ ఒట్టీలియాది. మూడు మోపులు మోసుకొచ్చింది. బట్టీ ఎర్రగా కాలి ఉన్న వేళ చూసుకుని వాల్‌బుర్గమ్మ వచ్చింది. చేతిలో పిండి ఉంది, పుల్ల లేదు. వెనక్కి పంపడానికి లేదు. నీ వంతు వచ్చేదాకా ఆగమందామంటే ఆవిడకి వంతే లేదు. రొట్టెలు కాల్చుకుని వెళ్ళిపోయింది.

అలా ముప్పై ఒక్క ఏళ్ళు వచ్చింది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో దిగినవాళ్ళూ అలాగే వచ్చారు. బిళ్ళ ఎవరూ చెక్కలేదు.

బిళ్ళ బట్టీకి, రొట్టె బుట్టకి,
కథ కంచికి, కళ్ళు నిద్రకి.