పూత కింద వెలుగు

"గురువు నేర్పినదాన్ని పక్కన పెడితే గురువును మరిచిపోయినట్టేనా అండీ?" అని సుమిత్ర అడిగింది. సత్తెమయ్య మేస్త్రి వెంటనే జవాబు చెప్పే మనిషి కాడు. ఏదడిగినా ముందు తాపీ కడుక్కుంటాడు. ఆ పూటా కడుగుతూ కూర్చున్నాడు గానీ, ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో ఆయనకు తెలుస్తూనే ఉంది.

సుమిత్ర ఇంజనీరింగు చదివి, గోడ కట్టడం చేత్తో నేర్చుకోవాలని ఆయన దగ్గర చేరిన పిల్ల. నేతగాళ్ల మగ్గాల షెడ్డుకు రోడ్డు వైపు కిటికీ పెడితే దుమ్మంతా నూలు మీద పడుతుంది. పెట్టకపోతే పట్టపగలే దీపాలు వెలగాలి, కరెంటు పోతే నేత ఆగాలి. అందుకని ఆమె అచ్చుల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నటి గాజుపోగులు పరిచి, కాంక్రీటు పోసి, వెలుగును లోపలికి రానిచ్చే దిమ్మలు చేసింది. పైకప్పు పడకముందే, లోపలా ఎండ ఉండగానే మేస్త్రి వాటితో గోడ లేపాడు, అందుకే దిమ్మల్లోంచి వచ్చే వెలుగు ఆయన కంటపడలేదు. "సిమెంటులోంచి వెలుగు రావడమేమిటి, పిచ్చితల్లీ" అని నవ్వాడు కూడా. తర్వాత ఆమె నాలుగు రోజులు ఊరెళ్లింది. పూత లేని గోడను అప్పజెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. ప్రేమకొద్దీ లోపలివైపంతా సున్నం పూసి, నున్నగా రుద్దేశాడు. గాజుపోగుల చివర్లన్నీ దాని కింద మూసుకుపోయాయి.

ఆ రుద్దడం గురువు కోటయ్య నేర్పినది. బెల్లం కలిపిన కరక్కాయ నీళ్ల వాసన, ఏటి ఒడ్డున ఏరుకొచ్చిన నున్నటి రాయి, "గోడలో నీ మొహం కనపడాలిరా" అంటూ వెనకే నిలబడే మనిషి. ఆ పని తెలిసినవాళ్లు చుట్టుపక్కల ఇంకెవరూ మిగల్లేదు.

తాపీ తుడుచుకుని ఆయన షెడ్డులోకి నడిచాడు. పేరిందేవమ్మ బల్బు కింద చీర నేస్తోంది. చూస్తుండగానే కరెంటు పోయింది. "మళ్లీ మామూలే నాయనా. కొత్త గోడతో ఈ బాధ తీరుతుందన్నారు" అని ఆవిడ పోగు నడిపే నాడె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

గుమ్మంలోంచి వచ్చే కాస్త వెలుగులో, గోడ మీద సత్తెమయ్యకు తన మొహం మసగ్గా కనపడింది. కోటయ్య ఉంటే భుజం తట్టేవాడు. కాసేపు ఆ నునుపును అరచేత్తో నిమిరి, "నువ్వు రోడ్డు వైపుకెళ్లి గోడకు చెయ్యి ఆనించమ్మా" అని వెంట వచ్చిన సుమిత్రను పంపాడు. తాపీ అంచుతో గీకడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఆరని సున్నం పెళ్లలుగా రాలింది. తడిగుడ్డతో తుడవగానే చుక్కలు చుక్కలుగా వెలుగు తేలింది. చాటంత మేర తేటపడేసరికి అందులో ఐదు వేళ్ల నీడ నిలబడింది. పేరిందేవమ్మ నాడె మళ్లీ చేతిలోకి తీసుకుంది.

లోపలికొచ్చిన సుమిత్ర కిందపడ్డ పూతను చూసి తల వంచుకుంది. "మీ గురువుగారి పనితనం అండీ..."

సత్తెమయ్య కళ్లు తుడుచుకున్నాడు. "గోడలో మన మొహం కనపడాలనేవారమ్మా ఆయన. అవతలి మనిషి చెయ్యి కనపడితే వద్దంటారా? తాపీ అందుకో, ఇంకా చాలా గోడ ఉంది."