చాపలో నేసిన ముద్ర

అనగనగా, నాణెం చేతిలోంచి చేతిలోకి నడిచి వెళ్ళే రోజుల్లో, తామ్రపురి అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని విజయకేతుడనే రాజు ఏలేవాడు.

ఆ ఊరి ఏటి ఒడ్డున నాంచారి తుంగ చాపలు నేసేది. ఏట్లో దిగి తుంగ కోసేది. ఎండబెట్టి చీల్చేది. కరక్కాయ నీళ్ళలో ఇనుప ముక్కలు నానేసి, సగం తుంగకు నల్లరంగు పట్టించేది. నలుపూ తెలుపూ గళ్ళతో ఆమె నేసిన చాపలకు చుట్టుపక్కల పేరుండేది. అక్షరం రాదు. కానీ ఒక్కసారి చూసిన అల్లికను మళ్ళీ చూడకుండా నేసేయగలదు.

ఆ చాపలు ఎక్కువగా కొనేది సత్రం నడిపే కోటిలింగం. నాంచారి తల్లి బతికున్నప్పుడూ ఆయనే కొన్నాడు. నాంచారి ఆయన్ని బాబాయి అని పిలిచేది.

"నీ చాప మీద పడుకున్న బాటసారి లేవనంటున్నాడమ్మా. సత్రంలో బియ్యం అయిపోతున్నాయి. కాస్త గరుగ్గా నెయ్యరాదూ?" అనేవాడాయన.

"గరుగ్గా కావాలంటే నీ గడ్డం పరుచుకో బాబాయ్!" అనేదామె.

ఆయన నాణేలు ఆమె అరచేతిలో పోసి, లెక్కపెట్టుకోమనేవాడు. ఆమె ఏనాడూ లెక్కపెట్టలేదు.

ఇలా ఉండగా సముద్రం అవతలి నుంచి మణిదత్తుడనే వర్తకుడు వచ్చాడు. బళ్ళకొద్దీ అద్దాలు తెచ్చాడు. సభలో నిలబడి రాజుకు ఇలా విన్నవించాడు.

"మహారాజా! ఇక ఎవరూ నాణేలు మొయ్యనక్కర్లేదు. కోశాగారంలో ఒక్కొక్కరికీ ఒక్కో పెట్టె ఉంటుంది. అమ్మేవాడు సరుకుతో పాటు ఒక పట్టీ ఇస్తాడు. ఏం అమ్మాడో, ఎంత రావాలో దాని మీద రాసి ఉంటుంది. కింద గళ్ళ ముద్ర ఉంటుంది. కొన్నవాడు ఆ ముద్రకు నా అద్దం చూపిస్తే చాలు. అతని పెట్టెలోని డబ్బు లేచి, ముద్రలో ఎవరి పేరుంటే వారి పెట్టెలో పడుతుంది. 'చేరింది' అని అద్దం పలుకుతుంది."

రాజుకు ముచ్చటేసింది. పెట్టెలన్నీ కోటలోనే ఉంటాయి గనుక పన్ను ఎగ్గొట్టేవాడుండడని మంత్రికి ఇంకా ముచ్చటేసింది. ముద్ర పట్టీ లేనిదే అమ్మకం లేదని దండోరా వేయించారు. అమ్ముకు బతికేవాళ్ళను మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళను అడిగే అలవాటు ఆ కోటకు లేదు.

ఆ పట్టీలు తయారుచేసేది ఎవరు? మణిదత్తుడే. నాంచారి వెళ్ళి వరసలో నిలబడింది.

"ఈ గళ్ళలో ఏముందయ్యా?" అని అడిగింది.

"నీ పేరే తల్లీ."

"నాకు చదువు రాదు."

"చదువొచ్చినవాళ్ళూ దీన్ని చదవలేరు. రాజుగారూ చదవలేరు. అద్దం ఒక్కటే చదువుతుంది."

"నూరు పట్టీలకు ఎంత?"

"ఉచితం!" అన్నాడు మణిదత్తుడు, అందరికీ వినబడేలా. "చిన్న చేతులకు పెద్ద బలం ఇవ్వడమే నా వ్రతం!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో నాంచారివీ ఉన్నాయి.

మొదటి కట్ట పట్టీలతో అమ్మిన సరుకు డబ్బంతా పెట్టెలో పడింది. రెండో కట్టతోనూ అంతే. మూడో కట్ట బంగారు అంచుతో వచ్చింది. అప్పటి నుంచి ఊళ్ళో ఒక పీడ మొదలైంది. పది అమ్మితే తొమ్మిదింటికి డబ్బు చేరేది, ఒకదానికి చేరేది కాదు.

మొదట కుమ్మరి గురవమ్మ కోటకు వెళ్ళి మొరపెట్టుకుంది. సత్రానికి నలభై కుండలు ఇచ్చింది, పైసా రాలేదు.

"నేను అద్దం చూపించాను. చేరింది అని పలికింది," అన్నాడు కోటిలింగం. తన పెట్టెలో తగ్గిన డబ్బు కూడా చూపించాడు.

మణిదత్తుడు నవ్వాడు. "డబ్బు తగ్గితే ఇంకెవరికో కట్టి ఉంటాడు. ముద్ర అబద్ధమాడదు, మనిషి ఆడతాడు."

ఆ మాట మంత్రికి నచ్చింది. వీధి గోడల మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. చదవలేనివాళ్ళకు చదివి వినిపించారు. తామ్రపురిలో మనిషిని అనుమానించడం ఇలా చట్టమైంది.

తర్వాత గానుగ అప్పన్న మొరపెట్టుకున్నాడు. సత్రం దీపాలకు పోసిన నూనె డబ్బు రాలేదట. కోటిలింగం మళ్ళీ అదే మాట చెప్పాడు. సత్రానికి అందరూ సరుకు ఇచ్చేవాళ్ళే, అందుకే చెడ్డ పట్టీ ఎక్కువసార్లు ఆయనకే తగిలేది. అది అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఒక మనిషి మీద మూడు ఫిర్యాదులు పడితే అతన్ని నల్లకొండ రాతి గనికి పంపాలని ఆ రాజ్యంలో శాసనం. గనికి వెళ్ళినవాళ్ళు మూడు నెలలకు మించి బతికేవాళ్ళు కాదు. మూడో ఫిర్యాదు చేసే వంతు నాంచారికి వచ్చింది. అరవై చాపల డబ్బు ఆమె పెట్టెకు చేరలేదు.

కోటిలింగం తానే ఆమె గుడిసెకు వచ్చాడు.

"నీకూ చేరలేదా అమ్మా?"

"లేదు బాబాయ్."

"కట్టానే తల్లీ."

"గురవమ్మకూ అలాగే చెప్పావట."

"ఒక నెల ఆగు. ఏదో ఒకటి అమ్మి మళ్ళీ కడతాను," అన్నాడాయన.

"కట్టినవాడివి మళ్ళీ ఎందుకు కడతావు బాబాయ్?" అంది నాంచారి. "ముద్ర అబద్ధమాడదట."

ఆయన తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆమె కోటకు వెళ్ళి ఫిర్యాదు చేసింది. డబ్బు పోయినందుకు కాదు. ఇన్నేళ్ళూ లెక్కపెట్టుకోకుండా మూసిన అరచేతిని ఊరంతా చూసి నవ్వుతోందని.

కోటిలింగం చేతులకు సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాడు. తల తిప్పలేదు.

విచారణ అయ్యాక కోట గుమాస్తా ఆమె పట్టీ ఆమెకు తిరిగి ఇచ్చాడు. ఆమె దాన్ని ఇంటికి తెచ్చి, మిగిలిన పట్టీల పక్కన పడేసింది. పడేసిన చేయి అక్కడే ఆగింది.

చాపలు నేసేవాళ్ళ కన్ను ఊరికే చూడదు, లెక్కపెడుతుంది. రెండు నలుపు, ఒకటి తెలుపు, మూడు నలుపు. మిగిలిన పట్టీల మీద పైవరస అలా మొదలవుతుంది. డబ్బు రాని పట్టీ మీద ఒకటి నలుపు, రెండు తెలుపు, ఒకటి నలుపు. రెండూ ఆమె పట్టీలే. రెండింటిలోనూ ఉండాల్సింది ఆమె పేరే. అల్లిక మాత్రం వేరు.

నాంచారి గురవమ్మ దగ్గరకు పరుగెత్తింది. "సత్రం డబ్బు రాని పట్టీ ఉందా వదినా?"

"ఇప్పుడెందుకే అది? ఆయన్ని గనికి పంపింది చాలక, దాన్ని కూడా గోడకు అంటిస్తావా?" అని కసిరింది గురవమ్మ. అయినా వెతికి ఇచ్చింది.

ఒకటి నలుపు, రెండు తెలుపు, ఒకటి నలుపు.

అక్కడి నుంచి అప్పన్న గానుగకు వెళ్ళింది. అప్పన్న చేతులు జోడించాడు.

"నన్ను వదిలెయ్ అమ్మా. మణిదత్తుడి మీద నోరెత్తితే రేపు నాకు పట్టీ ఇవ్వడు. పట్టీ లేనిదే చుక్క నూనె అమ్మలేను. నా ఎద్దు కూడా నన్ను చూసి నవ్వుతుంది."

"అదెందుకు నవ్వుతుంది అన్నా? గంతలు తన కళ్ళకు మాత్రమే ఉన్నాయనుకుంటోంది పాపం."

అప్పన్న తల దించుకుని పట్టీ తెచ్చి ఇచ్చాడు. మూడోదీ అదే అల్లిక. చాపలు, కుండలు, నూనె అమ్మే ముగ్గురు ఇచ్చిన పట్టీలు, ముగ్గురికీ ఒకటే ముద్ర!

ఆమె పట్టీలు పట్టుకుని కోటకు వెళ్ళింది. మొదటిరోజు ద్వారపాలకుడు లోపలికి పోనివ్వలేదు. రెండోసారి మంత్రి దాకా వెళ్ళింది. ఆయన అరచేయంత పట్టీలను ఎత్తి, దించి, కళ్ళు చిట్లించి చూశాడు.

"అన్నీ ఒకేలా ఉన్నాయి. గళ్ళు గళ్ళే కదా. నీ మంచి పట్టీ కూడా నాకు అలాగే కనిపిస్తోంది."

మణిదత్తుడు పక్కనే ఉన్నాడు. "తన పేరు రాయడం రాని మనిషి నా ముద్రలు చదువుతుందట!" అన్నాడు. గుమాస్తాలు పగలబడి నవ్వారు.

నాంచారి తిరిగి వచ్చి ఏట్లో దిగింది. తుంగ కోసింది. రంగు పెట్టింది. ఒక్కో గడిని జానెడు చేసి, నాలుగు పట్టీల ముద్రలను నాలుగు చాపలుగా నేయడం మొదలుపెట్టింది. పచ్చి ఆరని తుంగ వేళ్ళను కోసింది. తెల్ల గళ్ళ మీద నెత్తురు మరకలు పడితే ఆ పోగు తీసేసి మళ్ళీ నేసింది. ఒక్క గడి తప్పినా గనిలో ఒక మనిషి చచ్చిపోతాడని ఆమెకు తెలుసు. అలా నలభై రోజులు గడిచాయి.

రాజు ప్రజల మొరలు వినే రోజున నాంచారి, గురవమ్మ, అప్పన్న నాలుగు చాపలు మోసుకొచ్చి సభ నడుమ పరిచారు. రాజు సింహాసనం దిగి వచ్చాడు.

"ఇది డబ్బు చేరే నా పట్టీ. ఇది చేరనిది. ఇది గురవమ్మది. ఇది అప్పన్నది," అంది నాంచారి. "నాకు చదువు రాదు ప్రభూ, గళ్ళు లెక్కపెట్టడం వచ్చు. ఈ మూడు చాపల్లో ఒక్క గడి తేడా ఉన్నా నా వేళ్ళు నరికించండి. తేడా లేకపోతే చెప్పండి, ముగ్గురు మనుషులకు ఒకటే పేరు ఎవరు పెట్టారు?"

రాజు చాపల చుట్టూ తిరిగాడు. మంత్రి తిరిగాడు. ఇప్పుడు కళ్ళు చిట్లించే పని లేకపోయింది. మూడు ఒకటే. నాలుగోది వేరు.

"కోశాగారంలో అన్ని పెట్టెల మూతలూ తెరవండి," అన్నాడు రాజు. "నా పెట్టె మీద నడిచే అద్దం తెండి. ఒక్క వరహా కడదాం."

"ప్రభూ, అద్దం పట్టీని చదువుతుంది గానీ తుంగను చదవ..." అంటూనే ఉన్నాడు మణిదత్తుడు. ఈలోగా భటులు డబ్బు చేరని మూడు చాపల్లో మొదటిదానికి అద్దం చూపించారు.

"చేరింది," అంది అద్దం.

కోశాగారం నుంచి భటుడు రొప్పుతూ వచ్చాడు. "మణిదత్తుడి పెట్టెలో పడింది ప్రభూ!"

రెండో చాపకు చూపించారు. మణిదత్తుడి పెట్టె. మూడో చాపకు చూపించారు. మణిదత్తుడి పెట్టె. ప్రతి నూరు పట్టీల్లో పదింటి మీద తన పేరే ముద్ర వేసి, ఊరి చెమటలో పదో వంతు తాగాడు వాడు. తన దొంగతనానికి ఊరివాళ్ళ చేతే ఊరివాళ్ళను తిట్టించాడు. ఉచితం అన్న మాటకు వెల అది.

మణిదత్తుడికి సంకెళ్ళు వేశారు. బయట జనం, "చెమట మాది! ముద్ర మాది!" అని అరిచారు. ఉచితమన్న రోజున చప్పట్లు కొట్టిన జనమే వాళ్ళు.

"నేను కూడా మోసపోయాను నాంచారీ," అన్నాడు రాజు.

"అందరం మోసపోయాం ప్రభూ. గనికి వెళ్ళింది ఆయన ఒక్కడే," అంది నాంచారి.

రాజు విడుదల పత్రం రాయించాడు. అద్దాలు పగలగొట్టించి, నాణేలను మళ్ళీ వీధిలోకి పంపాడు. గోడల మీది మాటలకు మంత్రి సున్నం కొట్టించాడు. ఫిర్యాదు చేసిన ముగ్గురి పేర్లు మాత్రం కోట పుస్తకంలో అలాగే ఉండిపోయాయి.

నాంచారి మూడు రోజులు నడిచి నల్లకొండ చేరింది. అప్పటికి కోటిలింగం గనికి వెళ్ళి రెండు నెలలైంది. కాపలావాళ్ళు ఆయన్ని చేయి పట్టుకుని బయటికి తెచ్చారు. ఎగిరిన రాతి పెచ్చులు రెండు కళ్ళనూ తీసేశాయి. దుమ్ము గుండెల్లో నిండిపోయి, మాట మాటకీ దగ్గు వస్తోంది.

"ఎవరు?" అన్నాడాయన.

"నేను బాబాయ్, నాంచారిని."

ఆయన చేయి గాలిలో తడుముకుంటూ వచ్చి ఆమె అరచేతిని పట్టుకుంది. వేళ్ళ కోతలు తగిలాయి. చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక అడిగాడు.

"ఇప్పుడైనా నీ డబ్బు చేరిందా తల్లీ?"

నాంచారి ఆయన చేతిని తన భుజం మీద వేసుకుని ఊరి దారి పట్టింది.

పిల్లలూ, మనం చదవలేని ముద్రను నమ్మి మనం ఎరిగిన మనిషిని దొంగ అనకూడదు, ముందుగా ఆ ముద్ర కొట్టిన చెయ్యి ఎవరిదో అడగాలి.