తడిబట్ట మీది గుద్దు

మధ్యాహ్నం దాటింది. సన్నగా జల్లు పడుతోంది. ఇది ఏనాటి మాటో ఎవరికీ తెలియదు. అనగా అనగా కదళీపురమనే రాజ్యం ఉండేదని మాత్రం అందరూ చెబుతారు. ఆ రాజ్యంలో, కోట ముందున్న గోదా చుట్టూ జనం, ఎదురుగా గద్దె మీద రాజు. ఆ జనంలో అంకమ్మ.

దేశాలు తిరిగే ఉద్దండమల్లుడు ముష్టియుద్ధానికి రమ్మని ఊరిని పిలిచాడు. మల్లుడి చేతిలో ఓడినవాడు వాడి వెంట ఊడిగానికి పోవాలి. గెలుస్తూ వచ్చినవాణ్ణి ఎవరైనా ఓడిస్తే, వాడి దగ్గర ఊడిగం చేసేవాళ్ళందరికీ విడుదల. అదీ గోదా కట్టుబాటు. అప్పటికే పొరుగూరి కుర్రాళ్ళు ముగ్గురు వాడి మూటలు మోస్తూ, తలలు వంచుకుని నిలబడి ఉన్నారు.

అంకమ్మకూ ముగ్గురే పిల్లలు. గండప్ప, చలమప్ప, వాళ్ళ చెల్లెలు పేరిందేవి. ముగ్గురూ ఎర్రప్ప వస్తాదు తాలింఖానాలో సాము నేర్చారు. అక్కడొక ఆచారం ఉంది. కొత్తగా చేరినవాళ్ళు వానాకాలమంతా దండెం మీది తడిబట్టనే గుద్దాలి.

"నీళ్ళు చిట్లాలి, బట్ట ఊగకూడదు," అనేవాడు వస్తాదు. "ఊగిందంటే నువ్వు నెట్టావు, కొట్టలేదు. చెయ్యి వదులుగా పోవాలి. తగిలేటప్పుడే పిడికిలి బిగియాలి. తగలగానే వెనక్కి రావాలి. బలం భుజంలో లేదురా, మడమలో ఉంది."

గండప్పకు ఓపిక లేదు. "బట్టలు పిండటానికొచ్చానా నేను?" అని ఇసుకమూట దగ్గరకు పోయాడు. రోజూ కాస్త ఇసుక కలిపి, పళ్ళు బిగించి గుద్దేవాడు. చలమప్ప దీపం దగ్గరకు పోయాడు. గుద్దు గాలికి దీపం ఆరిపోవాలి, అదే వాడి పంతం. దండెం దగ్గర పేరిందేవి ఒక్కతే మిగిలింది.

"ఏమే, బట్టలు ఆరాయా?" అనేవాడు గండప్ప.

"నీ పంచె ఒక్కటే మిగిలిందన్నయ్యా. ఒంటి మీదుండగానే గుద్దనా?"

ఇప్పుడు గోదాలోకి ముందుగా గండప్ప దిగాడు. ఆ గుద్దు తగిలితే గోడ కూలేదే. కానీ చెయ్యి కదలకముందే భుజం బిగిసింది, ఎటు వస్తుందో తెలిసిపోయింది. మల్లుడు ఒక్క అడుగు పక్కకు జరిగాడు. గండప్ప తన గుద్దు వెంట తానే పోయి బోర్లా పడ్డాడు.

"మూటలకు పనికొస్తాడు," అన్నాడు మల్లుడు.

తరువాత చలమప్ప. కంటికి ఆనకుండా గుద్దుల మీద గుద్దులు వేశాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టయింది. మల్లుడు వాణ్ణి నడుం పట్టి ఎత్తి, గోదా బయట పెట్టాడు.

"వీడు విసనకర్రకు."

అంకమ్మ కొడుకుల వైపు ఒక అడుగు వేసింది. పక్కకు చూస్తే కూతురు నడుం బిగిస్తోంది.

"నువ్వొద్దే," అని చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళిద్దరినీ వదిలేసి ఇంటికెట్లా వస్తానమ్మా?"

అంకమ్మ చెయ్యి వదిలింది.

"అమ్మాయీ, నీకేం వచ్చు?" అని అడిగాడు రాజు.

"తడిబట్టను గుద్దడం వచ్చు మహారాజా. అంతవరకే వచ్చు."

జనం గొల్లుమన్నారు. మల్లుడూ నవ్వాడు. "కానీ. వంటకూ ఒకత్తి కావాలి."

నవ్వుతూనే మీదికొచ్చాడు. పేరిందేవి చేతులు వదులుగా ఉన్నాయి. వాడి గుద్దు ఆమె చెవి పక్కనుంచి పోయింది. ఆమె మడమ తిరిగింది, నడుం తిరిగింది, పిడికిలి వాడి డొక్కలో తగిలి వెనక్కి వచ్చేసింది. పట్టుకుందామంటే అక్కడ చెయ్యి లేదు. రెండోసారి వచ్చాడు. మళ్ళీ అదే చోట తగిలింది. మూడోసారికి ఊపిరాడక మోకాళ్ళ మీద కూలబడి, అరచేత్తో నేల తట్టాడు. ఓడిపోయానని చెప్పడానికి అదే గుర్తు.

"ఎవరు నేర్పారు తల్లీ?" అన్నాడు రొప్పుతూ.

"మా వస్తాదుగారు. ఇది మొదటి పాఠం. రెండోది ఇంకా చెప్పలేదు."

రాజు చెయ్యెత్తాడు. కుర్రాళ్ళ భుజాల మీది మూటలు దబ్బున నేల మీద పడ్డాయి.

దీపాలవేళకు అంకమ్మ తన గుమ్మంలో నిలబడి, ఒక్కొక్కరి తల తడిమి లోపలికి పంపింది. గండప్ప. మణికట్టు వాచింది, తగ్గుతుంది. చలమప్ప. సిగ్గే తప్ప దెబ్బ లేదు. పేరిందేవి. ఆ వెనక పొరుగూరి కుర్రాళ్ళు, తెల్లారి తమ తల్లుల దగ్గరకు పోవలసినవాళ్ళు. ఆరుగురు. నమ్మకం చాలక మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆరుగురే.

కనుక పిల్లలూ, మొదటి మెట్టు దాటేసి ఎక్కినవాడు ఎంత బలవంతుడైనా జారతాడు. దాని మీద ఓపికగా నిలబడ్డవారే తమవాళ్ళను కాపాడుకుంటారు.