మేరుపూస దాటని బాతు

1961 మార్చి 29, బుధవారం. తెల్లవారుజామున సన్నని మసక పట్టింది, పొద్దెక్కేసరికి విడిపోయింది. మధ్యాహ్నానికి వడగాలి మొదలైంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అడవికి కేలండరు ఉండదు, నిజమే. కానీ ఈ కథంతా రోజుల లెక్క మీద నడుస్తుంది. మొదటి రోజు ఏదో చెప్పకుండా ముందుకు పోవడం బాగుండదు.

ఆ అడవి పేరు చిల్లకోన. అక్కడ చిల్లచెట్లు ఎక్కువ. చిల్లగింజ అరగదీసి కలిపితే బురదనీళ్ళు కూడా తేటపడతాయి. కోన మధ్యలో ఎండాకాలం కూడా ఎండని మడుగు ఒకటి ఉంది. మడుగు పక్కన వెడల్పాటి నల్లరాయి ఉంది. దాన్ని పలకబండ అంటారు. ఆ కోనలో జింకలు, కుందేళ్ళు, కొండముచ్చులు ఉండేవి. చంద్రకుడు అనే నెమలి ఉండేవాడు. సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. కొండకొమ్మున ఒక నల్లగద్ద ఉండేది. దానికి పేరు ఎవరూ పెట్టలేదు, పిలవాలని ఎవరికీ అనిపించక.

మడుగుకు పెద్ద కుదురయ్య అనే ముసలి తాబేలు. ఎండాకాలంలో ఎవరి తర్వాత ఎవరు నీళ్ళు తాగాలో ఆయనే చెప్పేవాడు.

ఏటా చలికాలంలో మంచుకొండలు దాటి ఒక బాతుల గుంపు దక్షిణాన ఉన్న పెద్ద చెరువుకు పోయేది. బూడిదరంగు ఒళ్ళు, తెల్లని తల మీద రెండు నల్లచారలు. ఎండలు మొదలవగానే తిరిగి ఉత్తరానికి పోయేది. ఆ బుధవారం తిరుగు ప్రయాణంలో మడుగులో దిగింది. దిగుతుండగా నీహార అనే ఆడబాతు రెక్క చిల్లకొమ్మకు తగిలి విరిగింది.

గుంపు నాయకుడు ముసలివాడు. రెక్కను చూసి తల ఊపాడు. "ఎండలు ముదిరితే దారిలో నీళ్ళుండవు. మేం ఆగలేం" అన్నాడు.

నీహార జంటబాతు పేరు శిఖరుడు. "నేను ఉంటాను" అన్నాడు.

"ఉంటే ఈ ఎండకు ఇద్దరూ చస్తారు. ఆ చిన్న మడుగులో మేత ఒకరికే చాలుతుంది" అన్నాడు నాయకుడు. తర్వాత నీహార వైపు తిరిగి మెత్తగా చెప్పాడు. "తల్లీ, చలికాలానికి మళ్ళీ ఇటే వస్తాం. బండ మీద నువ్వు కనిపిస్తే దిగుతాం. కనిపించకపోతే లేవనుకుంటాం. గద్ద ఉన్నచోట పసిపిల్లల గుంపును రెండోసారి తిప్పలేను. ఒక్క చుట్టే."

"నేను రోజూ బండ మీదే కూర్చుంటాను" అంది నీహార.

కుదురయ్య నీళ్ళలోంచి తల పైకెత్తాడు. "రెండో రోజుకు గద్ద కడుపులో ఉంటావు. ఆ బండ మీద ఒక్క రోజు కూర్చోవడమే సాహసం. ఏ రోజో ముందే అనుకోండి."

అనుకోవడం ఎలా? ఇక్కడి నెలలు అక్కడ తెలియవు. అక్కడి పండుగలు ఇక్కడ తెలియవు. కుదురయ్య ఒడ్డు మీది గుహలోకి పోయి నోట కరుచుకుని ఒక రుద్రాక్షమాల తెచ్చాడు. చాలాకాలం కిందట ఆ గుహలో ఒక సాధువు ఉండేవాడు. ఆయనకు గొంతు బాగుండేది కాదు, అయినా పొద్దున్నే పాడేవాడు. ఒకరోజు మాల గూట్లో పెట్టి, "ఇప్పుడే వస్తాను" అని వెళ్ళాడు. మరి రాలేదు. తాబేలు ఆ మాల కాచుకుంటూనే ఉన్నాడు.

"నూట ఎనిమిది పూసలు" అన్నాడు కుదురయ్య.

నాయకుడు మెడ చాచాడు. "మా సరస్సు ఒడ్డున మఠం ఉంది. అక్కడి ముసలి భిక్షువులూ పూసలు తిప్పుతారు. అవీ నూట ఎనిమిదే."

కుదురయ్య మాలను నాయకుడి ముందుకు జరిపాడు.

"అయితే రెండు చుట్లు" అన్నాడు నాయకుడు. "రెండు వందల పదహారో రోజు, పొద్దు నడినెత్తికి రాకముందు."

శిఖరుడు ఎగిరేటప్పుడు ఎప్పుడూ నీహారకు ఎడమపక్క, కొంచెం వెనక ఉండేవాడు. ఆ సాయంత్రం గుంపు బాణంలా లేచినప్పుడు ఆ వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. దాని వెనక ఒక బాతు ఎగురుతోంది. కనుమరుగయ్యేదాకా నీహార ఆ ఖాళీనే చూసింది.

మరునాటి నుంచి లెక్క మొదలైంది. మాలను గుహ గూట్లో పరిచారు. రోజుకొక పూస దాటించడానికి నీహార ఒక గరికపోచ పెట్టింది.

సూదమ్మ వచ్చి చూసి నవ్వింది. "గరిక ఎండి రాలిందంటే నీ మొగుడు దారి తప్పుతాడు చెల్లీ. ఇదిగో, నా ముల్లు తీసుకో. నాకు చాలా ఉన్నాయి. ఎవరూ అడిగిన పాపాన పోలేదు."

నీహార గరికపోచ తీసి ముల్లు పెట్టింది. నల్లముల్లు రోజుకొక పూస దాటుతూ పోయింది.

"తాతా, నూట ఎనిమిదే ఎందుకు?" అని ఒకనాడు అడిగింది.

కుదురయ్యకు అడిగేవాళ్ళు దొరకడమే తక్కువ. గులకరాళ్ళు ముందేసుకున్నాడు. "ఒకటి ఒకసారి, ఒకటి. రెండు రెండుసార్లు, రెండురెళ్ళు నాలుగు. మూడు మూడుసార్లు, మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది మూళ్ళు ఇరవై ఏడు. ఇప్పుడు ఒకటిని నాలుగుతో, నాలుగును ఇరవై ఏడుతో గుణించు."

నీహార చాలాసేపు రాళ్ళు జరిపింది. "నూట ఎనిమిది."

"పైకి చూడు. నక్షత్రాలు ఇరవై ఏడు, ఒక్కోదానికి నాలుగు పాదాలు. మళ్ళీ అదే నాలుగు, అదే ఇరవై ఏడు. సాధువు చెప్పేవాడు. ఆయన చెప్పినవన్నీ నిజమని కాదు. గుమ్మడికాయ గురించి ఆయన చెప్పింది ఒక్కటీ నిజం కాలేదు. ఇది మాత్రం రాళ్ళతో సరిచూసుకున్నాను."

ఆ వేసవిలో పడమటి నుంచి వచ్చిన గులాబీ గోరింకలు పోతూపోతూ మడుగు దగ్గర ఆగాయి. వాటిలో ఒకటి మాల చూసి అంది: "మా వైపు పాత కట్టడాల్లో గచ్చు మీద అయిదు మూలల బొమ్మలు చెక్కుతారు. అన్ని పక్కలూ సమానంగా ఉంటే ప్రతి మూలా నూట ఎనిమిది డిగ్రీలే అని పంతుళ్ళు పిల్లలకు చెబుతుంటే విన్నాను."

నీహారకు మూలల సంగతి అంతగా తలకెక్కలేదు. కానీ ఆ రోజు ముల్లు జరుపుతుంటే తను ఒక్కతే లెక్కపెట్టడం లేదనిపించింది.

చంద్రకుడికి ఇదంతా నచ్చలేదు. మడుగు ఒడ్డున అందరూ తన నాట్యం మాని జిడ్డు పట్టిన మాల చుట్టూ మూగుతున్నారు. ఒకనాడు పింఛం విప్పి నిలబడ్డాడు.

"నా పింఛంలో నూట యాభై కళ్ళున్నాయి. నూట యాభై పెద్దదా, నూట ఎనిమిది పెద్దదా?"

"నూట యాభయ్యే" అన్నాయి జింకలు.

"మరి పెద్ద లెక్క ఉండగా చిన్నది ఎందుకు? పోయిన రోజులూ కలుపుకుని రోజుకొక కన్ను లెక్కపెడతాను. ఒక చుట్టు, పైన అరవై ఆరు. బాతులు వచ్చే రోజు నేనే చెబుతాను."

"చెప్పు నాయనా" అన్నాడు కుదురయ్య. "నాకూ వయసు మీరింది. నా తర్వాత మడుగు ఎవరిదో తేలాలి. ఆ రోజును తప్పకుండా చెప్పినవాళ్ళదే మడుగు. మాల, ఎదురుచూసేవాళ్ళది. పలకబండ ఎవరిదీ కాదు, దిగేవాళ్ళది."

సూదమ్మ గొణిగింది. "నూట యాభై కళ్ళున్నాయట. కాళ్ళ కింద ఏముందో చూసుకోవడానికి ఒక్కటీ పనికి రాదు."

జులై పదిహేనున, చినుకులు పడుతుండగా, ముల్లు నూట ఎనిమిదో పూస దాటింది. దాని తర్వాత పెద్ద పూస ఒకటుంది. దాన్ని మేరువు అంటారు.

చంద్రకుడు పక్కనే ఉన్నాడు. "దాన్నీ ఇవాళే దాటించు. అదీ పూసే కదా. రేపటికి దాన్ని లెక్కేసుకుంటే నీవాడు ఒకరోజు ముందొస్తాడు."

నీహార ముక్కు మేరువు దాకా పోయింది. ఒక్క రోజు. ఒక్క రోజు తగ్గితే ఎంత తగ్గినట్టు! వాన చప్పుడులో శిఖరుడి గొంతు వినిపించినట్టు ఉంటుంది, తిరిగి చూస్తే వానే. అలాంటి రోజు ఒకటి తక్కువైతే చాలుననిపించింది.

"అమ్మాయ్" అన్నాడు కుదురయ్య. "మేరువును ఎవరూ దాటరు, లెక్కపెట్టరు. అక్కడిదాకా పోయి వెనక్కి తిరగాలి. వచ్చిన పూసల మీదుగానే పోవాలి. సాధువూ అలాగే తిప్పేవాడు."

"ఒక్క రోజే కదా తాతా."

"నువ్వు తగ్గిస్తే నీ మాలలో తగ్గుతుంది. అవతల ఒడ్డున తగ్గదు."

నీహార ముక్కు వెనక్కి తీసుకుంది. మరునాడు ముల్లు వచ్చిన దారినే తిరిగింది.

శ్రావణంలో రెక్క అతికింది. ఆమె చెట్ల ఎత్తున రెండు చుట్లు ఎగిరి మళ్ళీ మడుగులోకి దిగింది. ఎగరగలదు, కానీ ఒక్కతే పోవడానికి దారి తెలియదు. రెక్క విరిగినప్పటికంటే అదే ఎక్కువ బాధించింది.

సెప్టెంబరులో ఈశాన్యం నుంచి ఒక ఉల్లంకిపిట్ట వచ్చింది. సముద్రం మధ్య ద్వీపాల్లో, ఏడాది చివరి రోజున గుళ్ళల్లో పెద్ద గంట నూట ఎనిమిది సార్లు కొడతారని చెప్పింది. మనసులోని కోరికలు అన్ని ఉంటాయట. ఒక్కో దెబ్బకు ఒక్కోటి పోతుందట.

"నాకున్నది ఒక్కటే" అంది నీహార. "అది పోనక్కర్లేదు."

కుదురయ్య ఆ మాటకు చాలాసేపు నవ్వాడు. ఆ సాయంత్రం గుహ వాకిట్లో కూర్చుని సాధువు పోయిన దారి చూశాడు. "నా లెక్కకు మాత్రం ఎన్ని చుట్లో ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు. తల డిప్పలోకి పెట్టుకున్నాడు. మళ్ళీ తియ్యలేదు.

మరునాడు పొద్దున నీహార మొదట ముల్లు జరిపింది. తర్వాత ఏడ్చింది.

వానలు వెనకబట్టాయి. ఆ రోజుల్లో నెమళ్ళకు ఈకలు రాలతాయి. ఏటా జరిగేదే, ప్రతి నెమలికీ తెలిసిందే. కానీ గర్వం పట్టినవాడికి ఏటా జరిగేది కూడా గుర్తుండదు. చంద్రకుడి లెక్క ఈకలతో పాటు పొదల్లో రాలింది. లెక్కపెట్టినవి ఏవో, పెట్టనివి ఏవో వాడికే తెలియలేదు. అడిగినవాళ్ళతో మాత్రం, "దగ్గరకొచ్చింది, దగ్గరకొచ్చింది" అనేవాడు.

అక్టోబరు ఇరవై ఆరున ఆకాశంలో దూరంగా బాతుల కూత వినిపించింది. చంద్రకుడు బండ దగ్గరకు పరుగెత్తాడు. "ఈరోజే. మడుగు నాది. రా బాతూ, బండ ఎక్కు."

నీహార మెడ చాచి విన్నది. ఆ కూత శిఖరుడిది కావచ్చు. గుంపు ముందే వచ్చిందేమో. గుహలోకి పోయి చూసింది. ముల్లు ఇవతల ఇంకా అయిదు పూసలున్నాయి.

సూదమ్మ అడ్డంగా నిలబడి ఉంది. "చెల్లీ, పోతావా?"

నీహార గూటి ముందు రెక్కలు ముడుచుకుని, కూత సన్నగిల్లి ఆగిపోయేదాకా కూర్చుంది.

అవి వేరే బాతులు, పడమటి చెరువుకు పోయేవి. బండ మీద ఒక్కడే నిలబడి మెడ చాచిన చంద్రకుడిని గద్ద చూసింది. ఒక్క దూకులో వాడి తల మీది తురాయి ఊడదీసింది, కాలు చీల్చింది. ముళ్ళపొదలోకి దూరాడు కాబట్టి బతికాడు.

అక్టోబరు ముప్పై ఒకటి, మంగళవారం. నీహార చివరి పూస దాటించి, మేరువును ఒకసారి చూసి, పలకబండ ఎక్కింది.

పొద్దెక్కింది. ఆకాశం ఖాళీ. కొండకొమ్మున గద్ద రెక్కలు విప్పింది. సూదమ్మ పొదలోంచి పిలిచింది. "దిగవే. లెక్క తప్పిందేమో."

"తప్పలేదు."

గద్ద నీడ ఒకసారి బండ మీదుగా పోయింది. రెండోసారి ఇంకా చిన్న చుట్టులో పోయింది. నీహార కాళ్ళు కదల్లేదు. పొద్దు నడినెత్తికి బెత్తెడు దూరంలో ఉండగా ఉత్తరపు కొండ మీద ఒక గీత కనిపించింది. గీత బాణమైంది. అరవై జతల రెక్కల చప్పుడు కోనలోకి దిగింది. గద్ద పక్కకు తప్పుకుంది.

ఒక బాతు వచ్చి నీహారకు ఎడమపక్క, కొంచెం వెనక దిగింది.

"ఆలస్యమైందా?" అన్నాడు శిఖరుడు.

"లేదు" అంది నీహార. "ఒక్క పూస కూడా."

ఆ సాయంత్రమే గుంపు దక్షిణానికి లేచింది. ఈసారి వరసలో ఖాళీ లేదు.

కుదురయ్య మాట ప్రకారం మడుగు నీహారకు వచ్చింది. ఆమె దాన్ని సూదమ్మకు అప్పగించి పోయింది. మాల కూడా సూదమ్మకే వచ్చింది. మరునాటి పొద్దున ఆమె ముల్లును మొదటి పూస దాటిస్తుంటే జింకలు నవ్వాయి. "నీకెవరున్నారమ్మా ఎదురుచూడడానికి?"

"ఉత్తరానికి పోతూ ఆ బాతు ఇటు వస్తానంది. ఒక చుట్టూ, తిరుగుదారిలో నలభై ఒక్క పూసలూ" అంది సూదమ్మ. "నవ్వింది చాలు. నీళ్ళకు వరసలో నిలబడండి."

పలకబండ దిగేవాళ్ళందరిదీ అయింది. కుదురయ్య డిప్పలో ఉల్లంకిపిట్ట చలికాలానికి బస పెట్టుకుంది. తురాయి గద్దకు పోయింది. చంద్రకుడికి ఏమీ రాలేదు, నీళ్ళ వరసలో చివరి చోటు తప్ప.

నీతి: సంఖ్యకు పవిత్రత దాని పెద్దతనం వల్ల రాదు, దూరాన ఉన్న ఇద్దరు దాన్ని ఒక్కలాగే, ఒక్కటి కూడా తగ్గించకుండా పాటించడం వల్ల వస్తుంది.